బల్ల తీసుకునే ముందు మన విశ్వాసాన్ని మనం నిజాయితీగా పరీక్షించుకోవడం ఎలా? స్టెప్ బై స్టెప్

నెల మొదటి ఆదివారం బల్ల (ప్రభువు భోజనం, అంటే యేసు మరణాన్ని గుర్తు చేసుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం) ఇచ్చే ముందు అయ్యగారు, అంటే పాస్టర్ గారు, "ఎవరిని వారు పరీక్షించుకోండి" అంటారు, కీబోర్డ్ మెల్లగా మోగుతుంటుంది, అందరూ కళ్ళు మూసుకుంటారు, రెండు నిమిషాలు తిరక్కుండానే ట్రే మన వరసలోకి వచ్చేస్తుంది. ఆ రెండు నిమిషాల్లో ఏం చూసుకోవాలి, దేన్ని బట్టి చూసుకోవాలి అనేది మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే మళ్ళీ మళ్ళీ ఇదే అడుగుతున్నారు, ఒకసారి వివరంగా రాసేస్తే పోతుందని కూర్చున్నా.

ఇది బల్లకి ముందు వారం చేసుకునే పద్ధతి. ఆదివారం రోజు కాదు, వారం ముందు. గల్ఫ్‌లో ఉండి శుక్రవారం ఆరాధనకి వెళ్ళేవాళ్ళు ఆ లెక్కన రోజులు మార్చుకోండి. కేథలిక్కులు పాపసంకీర్తనానికి (ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) ముందు ఆత్మ పరిశోధనలా చేసుకోవచ్చు, పనికొస్తుంది.

1. ముందు రెండు వాక్యభాగాలు సరిగ్గా చదవండి

ఇది దాటేసి నేరుగా లిస్టులోకి వెళ్ళకండి, తర్వాత వచ్చే తప్పుల్లో సగం ఇక్కడే మొదలవుతాయి.

మొదటిది 1 కొరింథీ 11:17-34. మనవాళ్ళు 27, 29, 30 వచనాలే గుర్తు పెట్టుకుంటారు, అయోగ్యంగా తింటే రోగాలు వస్తాయి, చచ్చిపోతారు అని. ఆ భయంతో ఏళ్ళ తరబడి బల్ల ముట్టనివాళ్ళు ప్రతి సంఘంలో ఉన్నారు. కానీ 21వ వచనం చూడండి, అక్కడ గొడవ ఏంటంటే కలిగినవాళ్ళు ముందే తినేసి తాగేసి కూర్చుంటే లేనివాళ్ళు ఆకలితో ఉండిపోతున్నారు. 33లో పౌలు చెప్పే పరిష్కారం ఒకరికోసం ఒకరు ఆగండి అని. అంటే పరీక్షలో పెద్ద ప్రశ్న పక్కన కూర్చున్న పేదవాడితో నువ్వెలా ఉన్నావు అనేది. ఇంకోటి, 28వ వచనం పరీక్షించుకుని మానేయమని చెప్పదు, పరీక్షించుకుని తినమంటుంది.

రెండోది 2 కొరింథీ 13:1-5. అక్కడ కొరింథువాళ్ళు పౌలునే పరీక్షిస్తున్నారు, క్రీస్తు నీలో మాట్లాడుతున్నాడనడానికి రుజువేది అని. ఆయన దాన్ని వాళ్ళ వైపే తిప్పి, మీరు విశ్వాసంలో ఉన్నారో లేదో మిమ్మల్ని మీరే చూసుకోండి అన్నాడు. మనకి కూడా అయ్యగారిని పరీక్షించడం బాగా వచ్చు, ప్రసంగం అయ్యి ఇంటికి వచ్చేలోపు ఆటోలోనే పూర్తయిపోతుంది. ఈ వారం అది బంద్.

2. సిద్ధపాటు

☐ కాగితం నోట్‌బుక్ ఒకటి, ఫోన్ వద్దు. ఫోన్‌లో రాస్తే మధ్యలో మెసేజ్ వస్తుంది, పైగా ఎవరో ఒకరు చూస్తారేమో అని సగం దాచి రాస్తాం.

☐ రోజుకి అరగంట చొప్పున వారంలో ఐదు రోజులు. ఒకే రాత్రి కూర్చుని అంతా లాగించేద్దాం అనుకోకండి.

☐ నిద్రలేని రోజు, ఇంట్లో గొడవైన రోజు, ఉజ్జీవ సభల నుంచి అప్పుడే వచ్చిన రాత్రి వద్దు. డిసెంబర్ 31 వాచ్‌నైట్ కూడా వద్దే వద్దు అని నా అభిప్రాయం, ఆ రాత్రి ఏడుపూ తీర్మానాలూ రెండూ చవకగా వచ్చేస్తాయి.

☐ మీకు అలవాటున్న బైబిల్, బ్యాంక్ పాస్‌బుక్ లేదా ఫోన్‌పే హిస్టరీ ఓపెన్ చేసుకునే వీలు. ఎందుకో కింద చెప్తా.

☐ చివర్లో మాట్లాడటానికి ఒక మనిషి. మీ మాట ఇంకోచోట చెప్పని మనిషి. "ఫలానా సిస్టర్ కోసం ప్రార్థన చేయండి, వాళ్ళింట్లో ఇలా జరుగుతోందట" అని గ్రూప్‌లో పెట్టే టైపు అయితే ఎంత భక్తిపరులైనా వద్దు.

మొదలుపెట్టే ప్రార్థన పొడుగు అక్కర్లేదు. కీర్తన 139లో చివరి రెండు వచనాలు చదవండి చాలు, దేవుడే శోధించమని అడగడం అది.

3. ఏది ఆధారం, ఏది కాదు

చాలామంది తమ విశ్వాసాన్ని ఫీలింగ్‌తో కొలుచుకుంటారు. పాటలో కన్నీళ్ళు వస్తే బాగున్నాను, రాకపోతే చల్లారిపోయాను అని. షుగర్ ఉందో లేదో మొహం చూసి చెప్పడం లాంటిది ఇది, రిపోర్ట్ చూస్తే గానీ తెలీదు. మత్తయి 13లో రాతి నేల గుర్తుందా, వాక్యాన్ని వెంటనే సంతోషంగా తీసుకున్నది అదే, వేరు లేక ఎండిపోయిందీ అదే.

ఈ కింది వాటిని ఆధారంగా రాయొద్దు:

- ఆరాధనలో ఏడవడం, వణకడం, ఆత్మావేశంలో తెలియని భాషలు మాట్లాడటం
- స్వస్థత జరగడం, ప్రార్థనకి జవాబు రావడం (మత్తయి 7:22లో ప్రవచించినవాళ్ళు, దయ్యాల్ని వెళ్ళగొట్టినవాళ్ళే బయట ఉండిపోయారు)
- మూడు తరాల క్రైస్తవ కుటుంబం, తాతగారు పాస్టర్, ఇంటి గోడ మీద వాగ్దానం
- యూత్ లీడర్, క్వయర్, సండే స్కూల్ టీచర్, సంఘ పెద్ద లాంటి పదవులు
- స్టేటస్‌లో రోజూ వాక్యం పెట్టడం

ఇవి చెడ్డవి అని కాదు బాబు, రుజువు కావు అంతే. రుజువుగా రాయాల్సింది ఎవరూ చూడనప్పుడు జరిగింది, మీకు నష్టం వచ్చినా చేసింది, మీతో పోట్లాడే అవకాశం ఉన్నవాళ్ళతో జరిగింది.

4. మొదటి రోజు: నేను నిజంగా నమ్మేదేంటి

అపొస్తలుల విశ్వాస ప్రమాణం (ఏం నమ్ముతున్నామో ఆరాధనలో అందరూ కలిసి చెప్పేది) ఒక్కో వాక్యం ఒక్కో లైన్‌గా రాసుకోండి. మీ సంఘంలో అది చెప్పే అలవాటు లేకపోతే 1 కొరింథీ 15:3-5 తీసుకోండి. ఒక్కో లైన్ పక్కన మూడింటిలో ఒకటి పెట్టండి: నమ్ముతున్నా, సందేహం ఉంది, ఎప్పుడూ ఆలోచించలేదు.

ఎక్కువ వచ్చేది మూడోదే. "శరీర పునరుత్థానము" అని ప్రతి ఆదివారం నోటితో అంటాం, కానీ చనిపోయాక ఏమవుతుంది అంటే ఆత్మ పరలోకానికి వెళ్ళిపోతుంది అని ఆపేస్తాం, శరీరం సంగతి మనసులోకే రాదు. దానర్థం మీరు అవిశ్వాసి అని కాదు, ఆ లైన్ మీది ఇంకా కాలేదు అని. పక్కన చిన్న గుర్తు పెట్టి వదిలేయండి.

తర్వాత ఒక్క ప్రశ్నకి నాలుగు లైన్లలో జవాబు రాయండి. మా ఇంట్లో, మా సంఘంలో ఎవరికీ తెలియదు అనుకుంటే, రేపట్నుంచి యేసుని వెంబడించడానికి నాకున్న కారణం ఏంటి? బైబిల్ భాష వాడొద్దు. "కృప", "అభిషేకం", "మహిమ" లాంటి మాటలు లేకుండా, పక్కింటి ఆవిడకి చెప్పినట్టు రాయండి. చేయి ఆగిపోతుంది, ఆగనివ్వండి. ఆగిన చోటే మీకు పని ఉంది.

5. రెండో రోజు: డబ్బు

గత మూడు నెలల ఫోన్‌పే హిస్టరీ పైనుంచి కిందికి చదవండి. ప్రార్థనలో మనం దేవుడికి ఏదైనా చెప్పొచ్చు, ఆ లిస్ట్ మాత్రం అబద్ధం చెప్పదు.

దశమభాగం కట్టానా లేదా అని మాత్రమే చూసి మూసేయకండి. మత్తయి 23:23లో పుదీనాలో సోపులో జీలకర్రలో కూడా పదో వంతు లెక్కగట్టినవాళ్ళే న్యాయం, కనికరం వదిలేశారు. చూడాల్సినవి:

☐ పనిమనిషికి, కూలీకి, డ్రైవర్‌కి ఇవ్వాల్సింది ఆలస్యం చేశానా? (యాకోబు 5:4)

☐ అప్పు తీసుకుని "దేవుడు దారి చూపిస్తాడులే" అని ఎవరి ఫోన్ ఎత్తకుండా ఉన్నాను?

☐ అమ్మానాన్నల మందులు ఎవరు కొంటున్నారు?

ఈ మూడోది చిన్నదిగా కనిపిస్తుంది. ఒక నోట్‌బుక్ పేజీ ఇలా ఉంటుంది అనుకోండి: "అమ్మ బీపీ మాత్రలు, కంటి ఆపరేషన్ అంతా తమ్ముడే చూసుకున్నాడు. అదే నెల నేను కన్వెన్షన్ భోజనాలకి ఐదు వేలు ఇచ్చా. స్టేజి మీద పేరు చదివారు." మార్కు 7:11లో కొర్బాను అని యేసు తిట్టింది సరిగ్గా దీన్నే, దేవుడికి ఇచ్చేశాం అని చెప్పి తల్లిదండ్రులకి ఎగ్గొట్టడం. ఇలాంటి లైన్ ఒక్కటి దొరికితే ఆ రోజు పని అయిపోయినట్టే.

6. మూడో రోజు: ఇల్లు

గలతీ 5:22-23లోని తొమ్మిది తీసుకోండి, ప్రేమ, సంతోషం, సమాధానం (అంటే శాంతి) అంటూ వరసగా. మీకు మీరే మార్కులు వేసుకోవద్దు. ఇంట్లో ఒకరిని అడగండి, భార్య లేదా భర్త, కాస్త పెద్ద పిల్లలు ఉంటే వాళ్ళని: "ఈ తొమ్మిదిలో నా దగ్గర నీకు అసలు కనపడనిది ఏది?"

అడిగాక ఒకటే రూల్. జవాబు వచ్చాక "అది కాదే, ఆ రోజు ఏమైందంటే" అని మొదలుపెట్టకూడదు. సరే అని రాసుకుని లేచిపోండి. ఏమండీ, మీ దీర్ఘశాంతం అంతా చర్చి గేటు దగ్గరే ఆగిపోతుందండీ అని ఆవిడ అంటే అదే మీ రిపోర్ట్, దాని మీద అప్పీల్ లేదు.

ఒక జాగ్రత్త. ఇంట్లో కొట్టే మనిషి, భయపెట్టే మనిషి ఉంటే వాళ్ళని ఈ ప్రశ్న అడగొద్దు. లోబడటం గురించి వాక్యం చూపించి మీ మీదే తప్పు వేస్తారు. అలాంటప్పుడు మిమ్మల్ని బాగా ఎరిగిన అక్కనో స్నేహితురాలినో అడగండి.

7. నాలుగో రోజు: కులం, మాట్లాడుకోని మనుషులు

దీన్ని ఎవరూ లిస్టులో పెట్టరు, కాబట్టి నేను పొడుగ్గానే రాస్తా.

పెళ్ళి బయోడేటా తీసి చూడండి. "రక్షణ పొంది, బాప్తిస్మం తీసుకుని, ప్రార్థనాపరురాలైన అమ్మాయి కావలెను" అని పైన ఉంటుంది, కిందనే కులం ఉంటుంది, అది కలవకపోతే పై లైన్ ఎంత కలిసినా ఫోన్ పెట్టేస్తారు. ఒకే ఊళ్ళో ఒక పేటకి ఒక చర్చి, ఇంకో పేటకి ఇంకో చర్చి ఉండటం మనకి వింతగా కూడా అనిపించదు. రెడ్డి కేథలిక్కులు, కమ్మ కేథలిక్కులు అనే మాటలు మన నోటికి మామూలే. మాల, మాదిగ సంఘాల మధ్య దూరం గురించి బయటివాళ్ళు చెప్పాల్సిన పనిలేదు, మనకే తెలుసు.

గలతీ 2:11-14 చదవండి. అంతియొకయలో పేతురు అన్యజనులతో (యూదులు కానివాళ్ళతో) కలిసి భోజనం చేస్తూ, యాకోబు దగ్గర్నుంచి కొందరు రాగానే వెనక్కి తగ్గాడు. పౌలు దాన్ని మర్యాద తప్పడం అనలేదు, సువార్త సత్యం ప్రకారం నడవట్లేదు అన్నాడు, అందరి ముందు మొహం మీదే అడిగేశాడు. పక్కన కూర్చుని తినడం పౌలు లెక్కలో విశ్వాసానికి సంబంధించిన విషయం. కాబట్టి ఇవి రాయండి:

☐ గత ఏడాదిలో మా కులం కానివాళ్ళ ఇంట్లో కూర్చుని భోంచేశానా? వాళ్ళని మా ఇంట్లో కూర్చోబెట్టి పెట్టానా?

☐ నా పిల్లల పెళ్ళి విషయంలో విశ్వాసం ఒకటో కండిషనా, రెండోదా? (నిజంగా ఏదో అది రాయండి, ఎవరూ చూడరు)

☐ సంఘంలో ఎవరిని "వందనాలు" అని తప్పించుకుని వెళ్ళిపోతున్నాను?

మూడోదానికి మత్తయి 5:23-24 ఉంది, కానుక అక్కడే పెట్టి ముందు వెళ్ళి సమాధానపడమని. గమనించండి, మనకి వాళ్ళ మీద కోపం ఉంటే అని కాదు అక్కడ ఉన్నది, మన మీద వాళ్ళకి ఏమైనా ఉంటే అని. పొలం గట్టు దగ్గర గొడవ, స్త్రీల మైత్రి (సంఘంలో ఆడవాళ్ళ సమాజం) లెక్కల దగ్గర గొడవ, ఆస్తి పంపకాల్లో అన్న ఇంటికి వెళ్ళడం మానేయడం, ఇవన్నీ ఇక్కడే రాయాలి. మీరు వెళ్ళినా వాళ్ళు తలుపు తీయకపోవచ్చు, అది వాళ్ళ ఇష్టం. మీరు వెళ్ళారా లేదా అన్నదే మీ పేజీలో ఉంటుంది.

8. ఐదో రోజు: సందేహాలు

సందేహం అంటే మనవాళ్ళు సైతాను అని కొట్టిపారేస్తారు, అందుకే యూత్ అడగడం మానేసి మెల్లగా రావడమే మానేస్తారు. బాప్తిస్మమిచ్చు యోహానంతటివాడు చెరసాలలో ఉండి "రాబోయేవాడివి నువ్వేనా, ఇంకొకరి కోసం చూడాలా" అని మనుషుల్ని పంపి అడిగించాడు (మత్తయి 11:3). యేసు తిట్టలేదు, చూసినవీ విన్నవీ వెళ్ళి చెప్పండి అన్నాడు. యూదా పత్రిక 22 సందేహపడేవాళ్ళ మీద కనికరం చూపమంటుంది.

మీ సందేహాలన్నీ రాసి ఒక్కోదాని పక్కన అది ఏ రకమో రాయండి, ఎందుకంటే మందు ఒక్కోదానికి ఒక్కోటి.

*ప్రశ్న రకం:* యేసుని పట్టించిన ఇస్కరియోతు యూదా ఎలా చనిపోయాడు అనేది మత్తయి 27:5లో ఒకలా, అపొస్తలుల కార్యములు 1:18లో ఇంకోలా ఎందుకుంది? లోకంలో ఇంత బాధ ఎందుకు? వీటికి చదవాలి, తెలిసినవాళ్ళని అడగాలి. "విశ్వాసముంచు బ్రదర్" అనేది వీటికి జవాబు కాదు.

*గాయం రకం:* బిడ్డ కోసం ఉపవాసముండి ప్రార్థించాం, బిడ్డ దక్కలేదు. దీనికి వాదన పనికిరాదు. 88వ కీర్తన చదవండి, అది చీకట్లోనే ముగుస్తుంది, అయినా బైబిల్లో ఉంది. అలా ప్రార్థించొచ్చు.

*మనుషుల రకం:* సంఘంలో డబ్బు తినేశారు, అమ్మాయిలతో తప్పుగా ప్రవర్తించారు, ప్రశ్నిస్తే అభిషిక్తుణ్ణి ముట్టొద్దు అన్నారు. ఇది మీ విశ్వాసంలో లోపం కాదు, దీన్ని మీ పాపాల లిస్టులో రాయకండి. నేరమైతే పోలీసులకి వెళ్ళాలి. సంఘం మారడం విశ్వాసం వదలడం కాదు.

*సాకు రకం:* నాకిష్టమైన ఒక పని వదలాలి, అందుకని బైబిలే నిజం కాదేమో అనిపిస్తోంది. ఇది మీకే తెలుస్తుంది, ఎవరూ చెప్పలేరు.

9. శనివారం: విడగొట్టి, మూడు పనులు మాత్రమే

పేజీలన్నీ చదివి ప్రతి లైన్ పక్కన ఒక అక్షరం వేయండి. పాపం అయితే పా, బలహీనత అయితే బ, ప్రశ్న అయితే ప్ర, గాయం అయితే గా. ఈ నాలుగూ కలిపేసి అన్నిటికీ "క్షమించు ప్రభువా" అనేయడం వల్లే ఏదీ కదలదు.

- పా అన్నవి పేరు పెట్టి ఒప్పుకోండి (1 యోహాను 1:9). "తెలిసీ తెలియక చేసినవి" అని గుత్తగా వద్దు.
- వాటిలో తిరిగి ఇవ్వాల్సింది ఉంటే ఇవ్వాలి. పన్నులు వసూలు చేసే జక్కయ్య నాలుగంతలు ఇస్తానని ఆ రోజే చెప్పాడు (లూకా 19:8), ప్రార్థన చేసి చూస్తా అనలేదు.
- మొత్తం మీద ఈ నెలకి మూడు పనులే: ఒకరి దగ్గరికి వెళ్ళడం, ఒకటి తిరిగి ఇవ్వడం లేదా మానడం, ఒక ప్రశ్న ఎవరినైనా అడగడం. మీరు ముందే అనుకున్న ఆ మనిషికి ఈ మూడూ చెప్పండి, మొత్తం నోట్‌బుక్ చూపించక్కర్లేదు.

ఆదివారం బల్ల తీసుకోండి. మూడు పనులూ పూర్తి కాలేదని ఆగొద్దు, మొదలుపెట్టానా అన్నది చూసుకోండి. తెలిసి, కావాలని, మానను అని మొండికేసి ఉన్నది ఏదైనా ఉంటే మాత్రం ముందు అయ్యగారితోనో ఫాదర్ గారితోనో కూర్చుని మాట్లాడండి.

10. ఎక్కువగా జరిగే తప్పులు, సరిచేసుకోవడం

లిస్ట్ అంతా ఆయన గురించే: నాలుగు పేజీలు రాశాక చూస్తే మూడున్నర పేజీలు మొగుడి గురించో అత్తగారి గురించో ఉంటుంది. కొట్టేయండి. ప్రతి వాక్యం "నేను"తో మొదలయ్యేలా మళ్ళీ రాయండి.

అంతా నెగెటివ్: దేవుడు చేసిన పని కనిపిస్తే అది కూడా రాయాలి, లేకపోతే అదీ అబద్ధమే. మూడేళ్ళ కింద బూతు లేకుండా మాట్లాడలేని మనిషి ఇవాళ ఆగగలుగుతున్నాడంటే రాయండి.

గర్వం: లూకా 18లో పరిసయ్యుడు చేసింది కూడా ఆత్మ పరీక్షే, వారానికి రెండుసార్లు ఉపవాసం, పదో వంతు, అన్నీ నిజాలే. పక్కవాడితో పోల్చుకోవడం దగ్గర పాడైపోయింది. పోలిక కనిపించిన లైన్ కొట్టేయండి.

తవ్వుతూనే ఉండటం: ఒప్పుకున్నదే మళ్ళీ ఒప్పుకోవడం, సరిగ్గా ఒప్పుకున్నానో లేదో అని మళ్ళీ, నాకు క్షమాపణ లేదేమో అని రాత్రంతా. ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ మఠంలో ఉన్నప్పుడు గంటల తరబడి పాపాలు ఒప్పుకునేవాడు, అయినా మనశ్శాంతి దొరకలేదు. ఇలాంటివాళ్ళు ఈ పద్ధతి చేయొద్దు, ఆపేయండి. 1 యోహాను 3:20 చదవండి, మన హృదయం మన మీద నేరం మోపినా దేవుడు దానికంటే గొప్పవాడు అని. ఆలోచనలు ఆగకుండా తిరుగుతుంటే అది మానసిక వైద్యుడు చూడాల్సింది కావచ్చు, ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. డాక్టర్ దగ్గరికి వెళ్ళడం అవిశ్వాసం కాదు.

సర్టిఫికెట్ సంగతి: సర్టిఫికెట్‌లో ఎస్సీ అని ఉంది, నేను దొంగ క్రైస్తవుణ్ణా అని కుర్రాళ్ళు తెగ నలిగిపోతుంటారు. 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే ఎస్సీ హోదా ఇస్తుంది, దళిత క్రైస్తవులు తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సీ కిందకి వస్తారు. దాని మీద మనస్సాక్షి ప్రశ్న నిజమైనదే, చట్టపరమైన చిక్కూ ఉంది, అన్యాయం అనే వాదనా ఉంది. ఈ వారం దాన్ని తేల్చేయాలని చూడకండి, విడిగా తెలిసిన లాయర్‌తో, పెద్దలతో మాట్లాడండి. ఇంకొకడి సర్టిఫికెట్ గురించైతే అసలు ఈ నోట్‌బుక్‌లోనే రాయొద్దు.

11. తర్వాత కొనసాగించడం

పెద్ద పరీక్ష మూడు నెలలకోసారి చాలు. రోజూ రాత్రి ఐదు నిమిషాలు కావాలంటే కేథలిక్ జెస్యూట్ సభ స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన ఐదు మెట్లు ఉన్నాయి (విజయవాడ ఆంధ్ర లొయోలా కాలేజీకి ఆయన పేరే పెట్టారు): కృతజ్ఞత చెప్పడం, వెలుగు అడగడం, రోజంతా వెనక్కి చూడటం, క్షమాపణ అడగడం, రేపటికి ఒక నిర్ణయం. ప్రొటెస్టెంట్లకి కూడా ఇందులో అభ్యంతరం పెట్టేది ఏమీ లేదు.

ఇద్దరు ముగ్గురు కలిసి చేసుకుంటామంటే మెథడిస్ట్ ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ 1738లో చిన్న గుంపుల కోసం రాసిన ప్రశ్నలు బాగా పనిచేస్తాయి: కిందటిసారి కలిశాక తెలిసి చేసిన పాపం ఏంటి, ఏ శోధన (తప్పు చేయాలనే ప్రలోభం) వచ్చింది, ఎలా తప్పించుకున్నావు. మగవాళ్ళు మగవాళ్ళతో, ఆడవాళ్ళు ఆడవాళ్ళతో కూర్చోండి, పాస్టర్ గారిని ఈ గుంపులో పెట్టకపోతేనే నోరు తెరుస్తారు.

నోట్‌బుక్‌లో మూడు పనుల పేజీ మాత్రం ఉంచుకుని మిగతావి చింపేయండి. మళ్ళీ మూడు నెలలకి ఆ ఒక్క పేజీ తీసి ఏది జరిగింది, ఏది జరగలేదు అని టిక్ పెట్టి, జరగనిదాన్ని కొత్త లిస్టులో మొదట రాయండి.